మొదటి టెక్ వ్యాసం ఏ పత్రికకు పంపాలి?

మా బిల్డింగ్‌లో కింది ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకతనిది ఒంగోలు. 2024 ఎండాకాలంలో బెంగళూరంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజుల్లో మా మహదేవపుర వీధిలోనూ అదే కథ. సంపు ఎప్పుడు అడుగంటుతుందో తెలియక అందరికీ టెన్షనే. ఈ అబ్బాయి ఒక శనివారం ఎస్పీ రోడ్డుకు వెళ్లి ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ చిప్ బోర్డు), శబ్దం పంపి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ కొనుక్కొచ్చి సంపు మూత కింద బిగించాడు. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఫోన్‌లో కనిపించేది. సగానికి తగ్గగానే మెసేజ్ వచ్చేది. వాచ్‌మన్‌కు మూత ఎత్తి కర్ర దింపి చూసే పని తప్పింది.

మొదటి సెన్సర్ మూడు వారాలకే చెడిపోయింది. సంపులోని తేమకు తుప్పు పట్టింది. తర్వాత నీళ్లు తగిలినా తట్టుకునే రకం తెచ్చాడు. దానితో ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. సుమారు 20 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నదాన్ని అది సరిగ్గా కొలవలేదు. అంటే సంపు నిండుగా ఉన్నప్పుడే లెక్క తప్పేది. మూత మీద చిన్న పెట్టె కట్టి సెన్సర్‌ను పైకి ఎత్తాడు, అప్పుడు కుదిరింది.

మొన్న మెట్ల దగ్గర ఆపి అడిగాడు. “అన్నా, దీని మీద ఆర్టికల్ రాసి ఏదైనా టెక్ మ్యాగజైన్‌కి పంపుదామనుకుంటున్నా. ఎవరికి పంపితే మంచిది? డబ్బులు కూడా ఇస్తారంట కదా?”

పన్నెండేళ్లుగా ఉద్యోగం చేసుకుంటూనే టెక్ పత్రికలకు రాస్తున్నాను. ఆ రోజు అతనికి చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి వ్యాసం మాత్రం, డబ్బు తక్కువైనా ఆలస్యమైనా సరే, రాసిన ప్రతి వాక్యాన్నీ పట్టి చదివే ఎడిటర్ ఉన్న చోటికి పంపండి. రెండోది, మూడోది మీ అవసరాన్ని బట్టి ఎక్కడికైనా పంపుకోవచ్చు.

ఎందుకంటే నా మొదటి వ్యాసం అలాంటి చోట పడింది కాబట్టి. సర్వర్‌లో లాగ్ ఫైళ్లు (జరిగినదంతా నమోదయ్యే ఫైళ్లు) డిస్క్ నింపేస్తే ఏం చేయాలన్నది విషయం. 3,400 పదాలు రాసి పంపాను. తిరిగొచ్చినప్పుడు 1,900 మిగిలాయి. లైనక్స్ ఎలా పుట్టింది, సర్వర్ అంటే ఏమిటి అంటూ నేను రాసిన మొదటి పేజీన్నర మొత్తం తీసేశారు. ఒక కమాండ్ పక్కన మార్జిన్‌లో ఎడిటర్ నోట్ ఉంది: “ఇది ఇచ్చాక మీ మెషీన్‌లో ఏం కనిపించిందో చెప్పండి. ఏం కనిపించాలో పాఠకులకు మాన్యువల్‌లో దొరుకుతుంది.” ఆ రాత్రి కూర్చుని మళ్లీ చేసి చూశాను. ఫైలు తొలగించినా డిస్క్‌లో చోటు ఖాళీ కాలేదు. నడుస్తున్న ప్రోగ్రామ్ ఆ ఫైలును ఇంకా తెరిచే ఉంచింది. దాన్ని ఆపి మళ్లీ నడిపితేనే చోటు వచ్చింది. మూడేళ్లు ఆ పని చేస్తూ కూడా ఆ సంగతి రాయాలని నాకు తట్టలేదు. వ్యాసం మొత్తంలో పాఠకులు గుర్తుపెట్టుకున్నది అదొక్కటే.

అచ్చు పత్రికలు

మన దేశంలో టెక్ పత్రికలంటే ముందు గుర్తొచ్చేవి ఢిల్లీవి. ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ 1969 నుంచి వస్తోంది. అదే సంస్థ 2003లో లైనక్స్ ఫర్ యూ మొదలుపెట్టి 2012లో ఓపెన్ సోర్స్ ఫర్ యూ అని పేరు మార్చింది. రెండూ బయటివాళ్ల వ్యాసాలు వేసే పత్రికలే. రాసేవాళ్లలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లు, విద్యార్థులు, మనలాంటి ఉద్యోగులు ఉంటారు. వాళ్ల ఓపెన్ సోర్స్ ఇండియా సదస్సు చాలా ఏళ్లు ఇక్కడే, హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగింది. ఇలాంటి సదస్సులకు వెళ్తే రాసేవాళ్లు, రాయించేవాళ్లు ఇద్దరూ ఒకచోట కలుస్తారు. ఈ ఊళ్లో ఉండడం వల్ల మనకున్న మంచి అవకాశాల్లో అదొకటి.

మా ఒంగోలు అబ్బాయి దగ్గరున్న సరుకు ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ లాంటి పత్రికకు సరిగ్గా సరిపోతుంది. అక్కడి ప్రాజెక్టు వ్యాసానికి ఒక పద్ధతి ఉంటుంది. సర్క్యూట్ బొమ్మ, విడిభాగాల జాబితా, తయారైన వస్తువు ఫొటో, కోడ్, కట్టే విధానం, పరీక్షించే విధానం. సర్క్యూట్లను తమ ల్యాబ్‌లో కట్టి పరీక్షించే పత్రిక అది. అందుకే మొదటి వ్యాసానికి దాన్ని ఎక్కువగా ఇష్టపడతాను. పని చేయనిది అక్కడే బయటపడుతుంది.

అతని సర్క్యూట్‌నే తీసుకోండి. సెన్సర్ 5 వోల్టులది. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులవి. సెన్సర్ జవాబు పంపే ఎకో పిన్ నుంచి వచ్చే 5 వోల్టులను రెండు రెసిస్టర్లతో తగ్గించి ఇవ్వాలి. ఇతను నేరుగా కలిపేశాడు. అడిగితే “ఇన్నాళ్లూ బాగానే పని చేసింది కదన్నా” అన్నాడు. ఇంట్లో ఒక బోర్డు కాలితే మళ్లీ ఎస్పీ రోడ్డుకు వెళ్లొచ్చు. పత్రికలో ఆ బొమ్మ చూసి అలాగే కలిపిన డిప్లొమా విద్యార్థి బోర్డు కాలితే, ఆ డబ్బు మళ్లీ ఇంట్లో అడగాలి. ఈ తేడా తెలిసిన ఎడిటర్ ఆ బొమ్మను వదలరు.

ఓపెన్ సోర్స్ ఫర్ యూకు పంపాలంటే ఇదే సంపును వేరే వైపు నుంచి రాయాలి. అక్కడి పాఠకులకు సెన్సర్ బిగింపు కంటే సమాచారం ఎలా నడిచిందో ముఖ్యం. బోర్డు నుంచి ఎంక్యూటీటీలో (చిన్న పరికరాలు మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) మెసేజ్ ఎలా వెళ్లింది, పాత ల్యాప్‌టాప్ మీద నోడ్-రెడ్ (ఆ మెసేజ్‌లు అందుకుని పని చేయించే సాఫ్ట్‌వేర్) ఎలా నడిపాడు, కరెంటు పోయి వచ్చాక అన్నీ వాటంతటవే ఎలా లేచాయి అన్నవి. ఆ మూడోదే అన్నిటికంటే విలువైనది. మా వీధిలో కరెంటు పోయిన ప్రతిసారీ అతను నేర్చుకున్న పాఠం అందులో ఉంది.

అచ్చు పత్రికలతో ఉన్న చిక్కు ఆలస్యం. వ్యాసం ఒప్పుకున్నాక కూడా సంచికలోకి రావడానికి నెలలు పడుతుంది. ఒక్కో నెల సంచిక ఒక్కో అంశం మీద ఉంటే, మీ అంశం వచ్చే దాకా ఆగాలి. నావి రెండు అయిదు నెలలు ఆగాయి. అందుకని నిన్న విడుదలైన లైబ్రరీ మీద అచ్చు పత్రికకు రాయొద్దు. చేతికొచ్చే సరికి వెర్షన్ మారిపోతుంది. సర్క్యూట్లు, డేటాబేస్ ఇండెక్సులు, నెట్‌వర్క్ మూలసూత్రాలు, షెల్ స్క్రిప్టులు ఆర్నెల్లు ఆగినా పాడవవు.

పంపే ముందు ఒక చిన్న విషయం దగ్గరుండి చూసుకోండి. వర్డ్ ఫైల్లో కోడ్ అతికిస్తే అది మీకు చెప్పకుండానే కొన్ని గుర్తులు మార్చేస్తుంది. నిటారు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులవుతాయి. పక్కపక్కన ఉన్న రెండు హైఫన్లు కలిసి ఒక పొడవాటి గీత అవుతాయి. చూడ్డానికి అందంగానే ఉంటుంది కానీ ఆ కమాండ్ నడవదు. నా మూడో వ్యాసంలో ఇలా ఒక ఆప్షన్ ముందున్న రెండు గీతలు ఒకటై అచ్చయిపోయాయి. నాలుగు రోజులు పాఠకుల మెయిళ్లు వచ్చాయి. అప్పటి నుంచి కోడ్ మొత్తం విడిగా టెక్స్ట్ ఫైల్లో పంపుతున్నాను, వ్యాసంలో “ఇక్కడ కోడ్ 2” అని మాత్రం రాస్తున్నాను. స్క్రీన్‌షాట్లు కూడా వర్డ్‌లో అతికించకుండా అసలు సైజులో విడిగా పంపాలి. నల్ల టెర్మినల్ మీద ఆకుపచ్చ అక్షరాలు కాగితం మీద అలుక్కుపోతాయి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు పెట్టుకుని, ఫాంట్ పెంచి తీయండి. తీశాక ఆఫీసు మెషీన్ పేరు గానీ ఐపీ అడ్రస్ గానీ మూలన కనిపిస్తోందేమో చూడండి.

విదేశీ వెబ్ పత్రికలు

వెబ్‌లో మాత్రమే వచ్చినా, గట్టి ఎడిటర్లున్న పత్రికలు ఉన్నాయి. లైనక్స్ కర్నెల్ (ఆ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం), ఉబుంటు లాంటి డిస్ట్రిబ్యూషన్లు, కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ల లోపల జరిగేది రాసే ఎల్‌డబ్ల్యూఎన్ 1998 నుంచి నడుస్తోంది. కొత్త వ్యాసాలు ముందు చందాదారులకు, వారం పైన కొన్నాళ్లకు అందరికీ అందుతాయి. బయటి రచయితలకు డబ్బు ఇస్తుంది. వెబ్ డిజైన్, ఫ్రంటెండ్ (వెబ్‌సైట్‌లో కంటికి కనిపించే భాగం) వాళ్లకు 2006లో జర్మనీలో మొదలైన స్మాషింగ్ మ్యాగజైన్ ఉంది.

వీటికి రాయడం కష్టం. ఇంగ్లిష్ గురించి భయపడకండి, దాన్ని ఎడిటర్లు సరిచేస్తారు. కావాల్సింది లోతు. ఎల్‌డబ్ల్యూఎన్ పాఠకుల్లో ఆ కోడ్ రాసినవాళ్లే ఉంటారు. ఒక ప్యాచ్ (కోడ్‌లో ప్రతిపాదించిన మార్పు) మీద జరిగిన చర్చను మొదటి నుంచి చివరి దాకా చదివి, ఎవరు ఎందుకు కాదన్నారో చెప్పగలిగితేనే అక్కడ నిలబడతారు. మా ఒంగోలు అబ్బాయి సంపుకు అక్కడ చోటు లేదు. అదే అతను ఈఎస్‌పీ32 డ్రైవర్‌లో ఏదైనా తప్పు పట్టుకుని సరిచేసి ఉంటే, ఆ తప్పు ఎలా దొరికిందో ఇలాంటి చోట రాయడానికి ప్రయత్నించమనేవాణ్ణి. బెంగళూరులో కర్నెల్ మీద, చిప్‌ల మీద రోజూ పనిచేసే తెలుగువాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో రాసేవాళ్లు తక్కువ. ఈ మాట ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను: మీకు మామూలుగా కనిపించే విషయం బయట చాలామందికి తెలియదు.

డబ్బు డాలర్లలో వస్తుంది. వైర్ ట్రాన్స్‌ఫర్ అయితే చిన్న మొత్తంలో బ్యాంకు కోత గట్టిగానే ఉంటుంది కాబట్టి ఏ దారిలో పంపుతారో ముందే అడగండి. అమెరికా సంస్థలు సాధారణంగా డబ్ల్యూ-8బెన్ అనే ఫారం నింపమంటాయి. మీరు అమెరికా పన్ను కట్టే మనిషి కాదని చెప్పే కాగితం అది. కంగారు పడక్కర్లేదు.

ఇంకో సంగతి. ఎంత పేరున్న పత్రికైనా ఆగిపోవచ్చు. 1994లో మొదలైన లైనక్స్ జర్నల్ 2011లో అచ్చు మానేసి డిజిటల్‌గా నడిచి, 2019లో ప్రచురణ ఆపేసింది. మీ వ్యాసం చివరి రూపం, అచ్చయిన పేజీ పీడీఎఫ్, ఎడిటర్‌తో నడిచిన మెయిళ్లు మీ దగ్గర దాచుకోండి.

కంపెనీలు రాయించే ట్యుటోరియళ్లు

క్లౌడ్, డేటాబేస్, ఏపీఐలు అమ్మే కంపెనీలు బయటివాళ్లతో ట్యుటోరియళ్లు రాయిస్తాయి. నాకు తెలిసినంతలో పత్రికల కంటే ఇవే ఎక్కువ ఇస్తాయి, త్వరగా ఇస్తాయి. స్టైల్ గైడ్ గట్టిగా ఉంటుంది. ప్రతి అడుగూ కొత్త మెషీన్ మీద నడిపి చూస్తారు. ఆ క్రమశిక్షణ మంచిదే.

అయితే అక్కడ మీరు రాసేది వాళ్ల సరుకు గురించి. సంపు కథ అక్కడికి పంపితే సెన్సర్ తుప్పు, మూత మీది పెట్టె ఎగిరిపోతాయి. వాళ్ల క్లౌడ్‌లో డాష్‌బోర్డు ఎలా కట్టాలన్నది మిగులుతుంది. ఆ సేవలో ఉన్న లోపం రాయడానికి వీలుండదు. పాఠకుడికి పనికొచ్చేది చాలాసార్లు ఆ లోపమే.

నాకు ఎదురైనది చెబుతాను. ఒక కంపెనీకి రెండు వారాంతాలు కూర్చుని బ్యాకప్‌ల మీద పొడవాటి ట్యుటోరియల్ రాశాను. డబ్బు సక్రమంగా ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే అదే పేజీ మీద నా పేరు లేదు. ఆ కంపెనీ ఉద్యోగి పేరు ఉంది. “అప్‌డేట్ చేశాం కాబట్టి రచయిత మారారు” అని జవాబిచ్చారు. ఒప్పందం తీసి చదివితే, అన్ని హక్కులూ వాళ్లకు రాసిచ్చినట్టు, పేజీని ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చని రెండో పేజీలో ఉంది. సంతకం పెట్టిన రోజు ఆ వాక్యం నేను చదవలేదు. చదివి ఉంటే “రచయిత పేరు ఉంచాలి” అన్న ఒక్క మాట చేర్చమని అడిగేవాణ్ణి. అడిగితే చేర్చేవాళ్లేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇంటి అద్దెకు, ఈఎంఐకి సాయంగా అదనపు సంపాదన కావాలంటే ఈ దారి సరైనదే. మొదటి వ్యాసానికి మాత్రం వద్దంటాను. మీ గొంతు ఏమిటో మీకు తెలియకముందే వాళ్ల గొంతు అలవాటైపోతుంది.

ఇక వ్యాసం వేయడానికి రచయిత దగ్గరే డబ్బు అడిగే “పత్రికలు” లింక్డ్‌ఇన్‌లో తగులుతుంటాయి. వాటి జోలికి వెళ్లకండి.

సంస్థల పత్రికలు

ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ తెచ్చే ఐఈఈఈ సాఫ్ట్‌వేర్ లాంటి పత్రికల్లో డబ్బు ఆశించకండి. తోటి నిపుణులు చదివి అభిప్రాయం చెప్పాక గానీ అచ్చు కాదు. కాపీరైట్ వాళ్లకు రాసివ్వాలి. వ్యాసంలో ఏఐతో పుట్టించిన భాగం ఏదైనా ఉంటే ఆ సంగతి చెప్పి తీరాలన్నది ఐఈఈఈ నియమం. పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లకు, ఆర్కిటెక్ట్ స్థాయికి ఎదుగుతున్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

మన ఊళ్లోనే ఉండి చాలామంది టెక్కీలకు తెలియనిది రెజొనెన్స్. సర్ సి.వి. రామన్ 1934లో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దీన్ని 1996 నుంచి బెంగళూరు నుంచే తెస్తోంది. డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకుల కోసం నడిచే సైన్స్ మాసపత్రిక. పాత సంచికలన్నీ ఉచితంగా చదువుకోవచ్చు. సంపు కథలో దీనికి తగిన ముక్క ఒకటుంది. గాలిలో శబ్ద వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, 30 డిగ్రీల దగ్గర సుమారు 349. సెన్సర్ కోడ్‌లో 343 అని స్థిరంగా రాసేస్తే, రెండు మీటర్ల లోతు దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది. సంపులో ఒక చవక థర్మామీటర్ పెట్టి నెల రోజులు లెక్కలు రాసుకుంటే చక్కటి వ్యాసం అవుతుంది. ఇది చెప్పినప్పుడు మా అబ్బాయి మొహం వెలిగిపోయింది. “మధ్యాహ్నం పూట లెక్క తప్పుతోంది అనుకున్నా అన్నా, అందుకేనా!” అన్నాడు.

తెలుగు పత్రికలు

కంప్యూటర్ ఎరా లాంటి తెలుగు మాసపత్రికలు చదివి కంప్యూటర్ నేర్చుకున్న తరం మాది. ఇంగ్లిష్ సరిగ్గా రాని రోజుల్లో ఫార్మాట్ చేయడం ఎలాగో తెలుగులో చదివి చేసుకున్నాం. అందుకే తెలుగులో టెక్ రాయడం నాకు చాలా ఇష్టమైన పని. దినపత్రికల ఫీచర్ పేజీల్లోనూ, ఆదివారం అనుబంధాల్లోనూ బయటివాళ్ల వ్యాసాలకు చోటు దొరుకుతుంది. డబ్బు తక్కువ. చదివేవాళ్లు ఎక్కువ. ఒంగోలులో ఉన్న ఆ అబ్బాయి నాన్నగారు చదవగలిగేది ఈ వ్యాసమే.

ఇక్కడ సంపు గురించి రాస్తే పిన్నులు, ప్రొటోకాల్‌లు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ చదువుతారని అనుకుని రాయండి. ఏం కొనాలి, ఎవరితో బిగించుకోవాలి, తేమకు ఏ రకం నిలుస్తుంది, ట్యాంకర్‌కు ఎప్పుడు ఫోన్ చేయాలి. 600 నుంచి 800 పదాలు చాలు. సెన్సర్‌ను సెన్సర్ అనే రాయండి. నిఘంటువులో వెతికి తెచ్చిన మాట పెడితే పాఠకుడు ఆగిపోతాడు.

సాంకేతికంగా ఒక జాగ్రత్త ఉంది. తెలుగు అచ్చు రంగంలో అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) పేజీలు పెట్టే అలవాటు పాతది. మనం ఫోన్లలో, కంప్యూటర్లలో ఇప్పుడు వాడే యూనికోడ్‌లో పంపినది అక్కడ మార్పిడి అవుతుంది. ఆ మార్పిడిలో వత్తులు చెదరొచ్చు, మధ్యలో ఉన్న ఇంగ్లిష్ అక్షరాల కమాండ్లు పిచ్చి గుర్తులైపోవచ్చు. పేజీ పెట్టాక ప్రూఫ్ ఒకసారి పంపమని మర్యాదగా అడగండి. యూఆర్‌ఎల్ లాంటివి ఉంటే ఫొటోగా కూడా జత చేయండి.

సంతకానికి ముందు

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫ్రీలాన్సర్ రాసిన వ్యాసానికి మొదటి హక్కుదారు రాసిన మనిషే. ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ చెబుతుంది. పత్రిక అడిగేది మొదటిసారి ప్రచురించే హక్కా, కొంతకాలం ప్రత్యేక హక్కా, మొత్తం హక్కులా అని చూసుకోండి. మొదటి రెండిటికీ నేను ఒప్పుకుంటాను. మూడోదానికి, డబ్బు బాగుండి నా పేరు ఉంటుందని రాసిస్తేనే.

ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపొద్దు. ఇద్దరూ ఒప్పుకుంటే రెండు చోట్లా తలుపులు మూసుకుంటాయి. ఒకే అనుభవం నుంచి వేర్వేరు పాఠకులకు వేర్వేరు వ్యాసాలు రాయడం వేరే సంగతి. పైన చెప్పినట్టు సంపు నుంచి నాలుగు వ్యాసాలు వస్తాయి. ఏదీ ఇంకోదానికి నకలు కాదు. ఆ సంగతి ఎడిటర్లకు ముందే చెప్పేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బెంగళూరులో ఉద్యోగం చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మీ ఆఫర్ లెటర్. బయటి పని చేయకూడదని, లేదా ముందు అనుమతి తీసుకోవాలని చాలా కంపెనీలు రాసుకుంటాయి. చట్టం ప్రకారం కూడా, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన రచన యజమానిదే అవుతుంది. అందుకని ఆఫీసు కోడ్, ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు వేళలు మూడూ వ్యాసానికి దూరంగా ఉంచండి. మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు నాలుగు లైన్ల మెయిల్ పెట్టి “సరే” అన్న జవాబు దాచుకోండి. నాకు ప్రతి కంపెనీలోనూ ఒప్పుకున్నారు. అడగకుండా రాసిన మా స్నేహితుడికి మాత్రం అప్రైజల్ మీటింగ్‌లో అదే మొదటి ప్రశ్న అయింది.

పన్ను సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇక్కడి సంస్థ ఏడాదిలో ఇచ్చే ఫీజు 50,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తుంది. 2025 ఏప్రిల్‌కు ముందు ఆ పరిమితి 30,000. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. క్రమంగా రాస్తుంటే అది వృత్తి ఆదాయం కిందికి వస్తుంది. జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 సరిపోదు. మొదటి ఏడాది ఆడిటర్‌ను ఒకసారి అడిగి వేయించుకోండి.

మరి ఎవరికి ఏది?

చేతిలో పనిచేసే వస్తువు ఉంటే ఎలక్ట్రానిక్స్ పత్రిక. సర్వర్లు, స్క్రిప్టులు, పాత సమస్యకు కొత్త పరిష్కారం ఉంటే ఓపెన్ సోర్స్ పత్రిక. ఉద్యోగంలోనే లోతైన విషయం రోజూ తాకుతుంటే, ఓపిక ఉంటే, విదేశీ వెబ్ పత్రిక. డబ్బు అవసరం గట్టిగా ఉంటే కంపెనీ ట్యుటోరియల్, ఒప్పందం చదివి. ఊళ్లో వాళ్లకు ఉపయోగపడాలనుంటే తెలుగు. రెండిటి మధ్య తేల్చుకోలేకపోతే, రెండు పత్రికల నుంచి చెరో మూడు వ్యాసాలు చదవండి. ఏ వ్యాసం చదువుతుంటే “ఇందులో నేను ఒక మాట చేర్చగలను” అనిపిస్తుందో ఆ పత్రికకే పంపండి. నేను ఇప్పటికీ ఇలాగే తేల్చుకుంటాను.

మొత్తం వ్యాసం రాసి పంపే ముందు పిచ్, అంటే ఏం రాస్తారో చెప్పే చిన్న ప్రతిపాదన, పంపాలి. మా అబ్బాయి మొదట రాసినది ఒకటిన్నర పేజీ. ఐఓటీ (ఇంటర్నెట్‌కు కలిపిన వస్తువులు) ప్రపంచాన్ని ఎలా మారుస్తోందో అందులో ఉంది, సంపు చివర్లో ఉంది. ఇద్దరం రాత్రి డాబా మీద కూర్చుని దాన్ని ఇలా తగ్గించాం:

“బెంగళూరులో 24 ఫ్లాట్ల భవనం సంపులో నీటి మట్టం కొలిచే పరికరం ఏడాదికి పైగా నడుపుతున్నాను. మొదటి సెన్సర్ తేమకు పాడైంది. రెండోది సంపు నిండుగా ఉన్నప్పుడు తప్పు చూపింది. రెండు సమస్యలనూ ఎలా పరిష్కరించానో సర్క్యూట్, కోడ్, ఫొటోలతో 1,800 పదాల్లో రాయగలను. పరికరం ఇప్పటికీ పనిచేస్తోంది. ఇది ఇంకెక్కడా ప్రచురితం కాలేదు. మూడు వారాల్లో పూర్తి వ్యాసం ఇవ్వగలను. పారితోషికం, హక్కుల నియమాలు తెలియజేయగలరు.”

కింద పేరు, ఫోన్ నంబరు, ఒక్క ఫొటో. ఇంగ్లిష్‌లోకి అతనే మార్చుకుని, రెండు రెసిస్టర్లు అతికించి బోర్డు మళ్లీ పరీక్షించాక, సోమవారం పొద్దున పంపాడు. మూడు వారాలు చూడమన్నాను. జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసే మెయిల్ పెట్టాలి. ఇంకో రెండు వారాలకూ రాకపోతే “ఈ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాను” అని రాసి, రెండో పత్రిక పాఠకులకు తగ్గట్టు మార్చి అక్కడికి పంపాలి.